కార్బొరేటర్ కప్పులో ఎండిన పెట్రోలు

2020 ఏప్రిల్ 1న దేశమంతటా బీఎస్‌-6 ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. నూరేళ్లకు పైగా మోటారు సైకిళ్లకు ఊపిరిగా ఉన్న కార్బొరేటర్‌ను కొత్త బండ్ల నుంచి దాదాపుగా సాగనంపిన రోజది. దాని స్థానంలోకి ఫ్యూయెల్ ఇంజెక్షన్ వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో రోడ్ల మీద బండి తిరగడం లేదు. లాక్‌డౌన్ మొదలై వారం దాటింది. ఏప్రిల్‌లో సూర్యాపేటలో కరోనా కేసులు పెరగడంతో అక్కడ కట్టడి ఇంకా బిగిసింది. హైదరాబాద్–విజయవాడ రహదారి ఖాళీగా పడి ఉంది. వసారాల్లో, మెట్ల కింద, వేపచెట్ల నీడల్లో నిలిచిపోయిన స్ప్లెండర్లు, ప్యాషన్లు, పల్సర్లు చాలావరకు కార్బొరేటర్ బండ్లే. నల్లగొండ ఎండలు ముదిరే ఏప్రిల్, మే నెలలు ఆ బండ్ల కార్బొరేటర్ కప్పుల్లోని పెట్రోలు మీదుగానే గడిచిపోయాయి.

లాక్‌డౌన్ పోయింది గానీ బండ్లు నిలబడిపోవడం పోలేదు. చదువుకని పిల్లలు హైదరాబాద్ వెళ్తారు, ఉద్యోగానికని అమెరికా వెళ్తారు. నాన్న పాత బండి కవరు కప్పుకుని ఇంట్లోనే ఉంటుంది. పండక్కి వచ్చినవాడు కవరు తీసి, కాలు నొప్పి పుట్టేదాకా కిక్ కొట్టి, చివరికి దాన్ని నెట్టుకుంటూ మెకానిక్ షెడ్డుకు చేరతాడు. అక్కడ వినబడే మాట ఒక్కటే: “కార్బొరేటర్ ఇప్పాలె.”

ఇప్పాలన్నది నిజమే. కానీ ఎందుకు ఇప్పాలో తెలిస్తే సగం సందర్భాల్లో ఇప్పకుండానే పని అవుతుంది. తక్కినవాటిలో ఇప్పినప్పుడు పాడు చేయకుండా ఉంటాం. నిలిచిన బండిలో పెట్రోలుకు మూడు వేర్వేరు సంగతులు జరుగుతాయి. మొదటిది, తేలిక భాగం ఎగిరిపోతుంది. రెండోది, మిగిలింది బంకగా మారుతుంది. మూడోది, నీళ్లు చేరతాయి. ఈ మూడింటికీ లక్షణాలు వేరు, మందులు వేరు.

పెట్రోలు అంటే ఒకే పదార్థం కాదు, వందలాది హైడ్రోకార్బన్ల కలగలుపు. నాలుగైదు కార్బన్ పరమాణువులున్న తేలిక అణువులు గది వేడికే ఆవిరవుతాయి. పది, పన్నెండు కార్బన్లున్న బరువైనవి 200 డిగ్రీల దాకా వేడెక్కితే గానీ మరగవు. చల్లని ఇంజన్‌లో మొదటి నిప్పురవ్వను అందుకునేవి తేలిక అణువులే. చోక్ వేసి గాలి తగ్గించి పెట్రోలు ఎక్కువగా పంపడం కూడా ఆ తేలిక ఆవిరి చాలినంత దొరకాలనే. నిలవ పెట్రోలులో ముందుగా జారుకునేవీ అవే.

ఈ చిక్కు మోటారు బండి పుట్టుకతోనే పుట్టింది. 1886లో పేటెంట్ పొందిన కార్ల్ బెంజ్ మూడు చక్రాల బండిలో ఇంధనం ఒక పాత్రలో ఉండేది. దాని పైభాగం నుంచి లేచే ఆవిరిని గాలితో కలిపి ఇంజన్ పీల్చుకునేది. పాత్రలోని తేలిక భాగం ముందు ఖర్చయి, అడుగున మండీమండని బరువు సరుకు మిగిలేది. 1888 ఆగస్టులో బెంజ్ భార్య బర్తా, భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు అదే రకం బండిలో వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసింది. దారిలో వీస్‌లోక్ అనే ఊళ్లో మందుల దుకాణంలో ఇంధనం కొన్నది. ఇంధన గొట్టం పూడుకుపోతే టోపీకి గుచ్చుకునే పిన్నుతో తనే శుభ్రం చేసింది. ఇంధన గొట్టం మూసుకుపోయిన బండిని దారి మధ్యలో బాగుచేసుకున్న తొలి మెకానిక్కుల్లో ఆమె పేరు చెప్పుకోవాలి.

1893లో దీనికి దారి దొరికింది. జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్, బుడాపెస్ట్‌లో దొనాత్ బాంకి, యానోష్ చోంకా దాదాపు ఒకే కాలంలో ఒకే ఆలోచన చేశారు. ఇంధనం తనంతట తాను ఆవిరయ్యేదాకా ఆగనక్కర్లేదు, సన్నని రంధ్రం గుండా తుంపరగా చిమ్మితే తేలికదీ బరువుదీ అంతా కలిసే పోతుంది. మన స్ప్లెండర్ కార్బొరేటర్ ఆ ఆలోచనకు మనవడు. గొట్టం ఇరుకైన చోట ప్రవాహం వేగం పెరిగి పీడనం తగ్గుతుందన్న సూత్రానికి పునాది 1738లో డానియెల్ బెర్నూలీ వేశాడు, ఇరుకు గొట్టం మీద ప్రయోగాల పుస్తకాన్ని 1797లో వెంచురీ ప్రచురించాడు. ఇంజన్ గాలి పీల్చినప్పుడు కార్బొరేటర్ మెడలో పీడనం పడిపోతుంది. కింద కప్పులోని పెట్రోలు మీద మాత్రం మామూలు వాతావరణ పీడనం ఉంటుంది. ఆ తేడాయే పెట్రోలును జెట్ అనే సన్నని రంధ్రం గుండా పైకి తోస్తుంది. కప్పులో మట్టం తగ్గితే పెట్రోలు మీద తేలే ఫ్లోట్ దిగుతుంది, దానికున్న నీడిల్ దారి తెరుస్తుంది, ట్యాంకు నుంచి పెట్రోలు దిగుతుంది.

నడిచే బండికి ఈ ఏర్పాటు చక్కనిది. నిలిచిన బండికి అదే ఎసరు పెడుతుంది. కప్పులో పట్టే పెట్రోలు చిన్న టీ గ్లాసుడు కూడా ఉండదు. ఆ కాస్తా గాలి రంధ్రం గుండా ఆవిరవుతుంది. పెట్రోలు ట్యాపు ఆన్‌లోనే వదిలేసి ఉంటే మట్టం తగ్గగానే ఫ్లోట్ దిగి ట్యాంకు నుంచి మరికాస్త తెచ్చుకుంటుంది. అదీ ఆవిరవుతుంది, మళ్లీ దిగుతుంది. ఉప్పు మడిలోకి నీళ్లు పెట్టి ఎండబెట్టినట్టే. ప్రతి విడతా తన బరువు సరుకును కప్పు అడుగున వదిలి వెళ్తుంది. ట్యాంకులో పెట్రోలు ఇంకా బాగానే ఉన్నప్పుడు కూడా కప్పు ముందుగా చెడడానికి ఇదే కారణం. ట్యాపు ఆఫ్ చేసి ఉంటే ఒక్క కప్పు పెట్రోలే ఎండుతుంది.

ఇక బంక. రిఫైనరీలో బరువైన నూనెను విరగ్గొట్టి పెట్రోలు చేసేటప్పుడు ఒలిఫిన్లు పుడతాయి. రెండు కార్బన్ల మధ్య జంట బంధం ఉన్న అణువులివి. బీఎస్‌-6 మామూలు పెట్రోలులో ఇవి 21 శాతం దాకా ఉండవచ్చు. జంట బంధం పక్కన ఆక్సిజన్ చేరి పెరాక్సైడ్ అవుతుంది, అది పక్క అణువును రెచ్చగొడుతుంది, ఆ అణువు ఇంకొకదాన్ని. అలా అల్లుకుపోయి పెద్ద అణువులై, పెట్రోలులో కరగకుండా అడుక్కి దిగుతాయి. కప్పు తెరిస్తే గోడలకు అంటుకుని కనబడే పసుపు, గోధుమ రంగు జిగురు అదే. దీన్ని ఆపడానికి రిఫైనరీలో యాంటీ ఆక్సిడెంట్లు కలుపుతారు. అవి ఖర్చయ్యేదాకా పెట్రోలు నిలకడగా ఉంటుంది, ఖర్చయ్యాక చర్య ఒక్కసారిగా ఊపందుకుంటుంది. భారతీయ ప్రమాణం ప్రకారం వంద డిగ్రీల వేడిలో, ఒత్తిడితో నింపిన ఆక్సిజన్ మధ్య పెట్రోలు కనీసం 360 నిమిషాలు తట్టుకోవాలి. పరీక్షలో నెగ్గిందంటే అది తాజా పెట్రోలని అర్థం. మన ఇంటి వసారాలో ఎన్నాళ్లుంటుందో ఆ పరీక్ష చెప్పదు.

వసారా సంగతి వేడి చెబుతుంది. ఇలాంటి చర్యల వేగం ప్రతి పది డిగ్రీలకూ సుమారు రెట్టింపవుతుందని రసాయన శాస్త్రంలో ఒక మోటు లెక్క. ఆ లెక్కన 25 డిగ్రీల చలవ ప్రాంతంలో నాలుగు నెలలు నిలిచే పెట్రోలు మిర్యాలగూడ మే నెల 45 డిగ్రీల్లో ఒక నెలకే ఆ స్థితికి వస్తుంది. చలి దేశాల వాళ్లు రాసిన గడువులు చదివి మనం ధీమాగా ఉండకూడదు. పైగా రాగి ఈ చర్యను పరిగెత్తిస్తుంది. కార్బొరేటర్ జెట్లు చేసేది ఇత్తడితో, ఇత్తడిలో ఎక్కువ పాలు రాగే. బంక పేరుకుంటే అన్నిటికన్నా ఎక్కువ నష్టం జరిగే చోటే దాన్ని పుట్టించే లోహమూ ఉంది.

ఎంత పేరుకుంటే నష్టం? చిన్న బండిలో ఐడిలింగ్‌కు పెట్రోలు అందించే స్లో జెట్‌ను చేతిలోకి తీసుకుని ఆకాశం వైపు పెట్టి చూడండి. బాగున్న జెట్‌లో గుండ్రని వెలుగు చుక్క కనబడుతుంది. 35 నంబరు జెట్ అంటే రంధ్రం వ్యాసం మిల్లీమీటరులో నూటికి 35 వంతులు, అంటే 0.35 మిల్లీమీటర్లు. దాని గోడ చుట్టూ 0.05 మిల్లీమీటర్ల పొర, సన్నని తలవెంట్రుక మందం, అంటుకుందనుకుందాం. వ్యాసం 0.25కు తగ్గుతుంది. వైశాల్యం సగమవుతుంది. ఐడిలింగ్‌లో ఇంజన్‌కు అందే పెట్రోలు దాదాపుగా ఆ ఒక్క రంధ్రం నుంచే కాబట్టి బండి అక్కడే ఆగిపోతుంది. కంటికి జెట్ మూసుకుపోయినట్టు కనబడదు, వెలుగు చుక్క ఉంటుంది, కానీ చిన్నగా, అంచు గరుకుగా ఉంటుంది. “జెట్ క్లీన్‌గానే ఉందన్నా” అన్న మాట విన్నప్పుడు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

దీనికి ఇథనాల్ తోడైంది. దేశంలో పెట్రోలులో 5 శాతం ఇథనాల్ కలపడం 2003లో మొదలైంది. సగటు 2022లో 10 శాతానికి చేరింది. 20 శాతం ఇథనాల్ పెట్రోలును 2023 ఫిబ్రవరిలో విడుదల చేశారు, 2025 కల్లా అదే మామూలైంది. ఇథనాల్ చెరకు మడ్డి నుంచే కాదు, మక్కల నుంచి, నూకల నుంచి కూడా వస్తుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లు మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో పడితే ఒకపక్క బియ్యం, ఇంకోపక్క నూకలు వస్తాయి. నూకల్లోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చి పులియబెడితే వచ్చేది ఈ ఇథనాలే. రైతుకు, దేశానికి దానివల్ల మేలుందా అన్నది పెద్ద చర్చ, దాన్ని ఇక్కడ పెట్టను. పాత కార్బొరేటర్ బండికి మాత్రం అది కొత్త లెక్క. ఒక కిలో మామూలు పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి. 20 శాతం ఇథనాల్ ఉన్నదానికి సుమారు 13.5 కిలోలు చాలు. ఇంజెక్షన్ బండిలో ఆక్సిజన్ సెన్సర్ ఆ తేడా పట్టుకుని పెట్రోలు పెంచుతుంది. కార్బొరేటర్ రంధ్రానికి ఆ తెలివి లేదు. అంటే పాత బండి ముందే కొంచెం తక్కువ ఇంధనంతో నడుస్తోంది, దాని మీద బంక పొర. పాత రబ్బరు వాషర్లు కూడా ఇథనాల్‌కు ఉబ్బుతాయి, తర్వాత ఎండి పగులుతాయి. కొన్ని పాత బండ్లలో రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చుకోవలసి రావచ్చని పెట్రోలియం శాఖే చెప్పింది.

ఇథనాల్‌కు నీళ్లంటే ప్రాణం. ఇంట్లో గాజు సీసా ఉంటే, ఆరుబయట, పొయ్యికి, బీడీకి దూరంగా ఒక ప్రయోగం చేయవచ్చు. 50 మిల్లీలీటర్ల పెట్రోలులో 10 మిల్లీలీటర్ల నీళ్లు పోసి ఊపి నిలబెట్టండి. అడుగున నీటి పొర పదికి బదులు ఇరవై దగ్గరకు పెరిగి కనబడుతుంది. పెట్రోలులో ఉన్న ఇథనాల్ నీళ్లలోకి దిగిపోయింది. ట్యాంకులో జరిగేదీ ఇదే. కొద్దిపాటి నీళ్లను ఇథనాల్ తనలో దాచుకుంటుంది. పది శాతం ఇథనాల్ పెట్రోలు లీటరుకు 5 మిల్లీలీటర్ల దాకా మోస్తుంది. అంతకు మించితే, లేదా చలి రాత్రి వేడి పడిపోతే, నీళ్లూ ఇథనాలూ కలిసి ఒక పొరగా అడుక్కి దిగుతాయి. రిజర్వ్‌లో ఉన్న పెట్రోలు ట్యాపు పీల్చేది అడుగు నుంచే. ఆ నీళ్లసారా కప్పు చేరి, దాని లోహాన్ని తిని తెల్లని పొడి చేస్తుంది.

ఈ నీళ్లు ఎక్కడివి? ఖాళీ ట్యాంకులో గాలి చల్లబడి తడి దిగుతుందని అందరూ చెబుతారు. లెక్క వేద్దాం. 30 డిగ్రీల వేడిలో పూర్తిగా తడిసిన గాలి ఒక ఘనపు మీటరులో 30 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. పది లీటర్ల ఖాళీలో అది 0.3 గ్రాములు, ఆరేడు చుక్కలు. పగలు వేడికి ట్యాంకులోని గాలిలో కొంత బయటికి పోయి, రాత్రి అంతే కొత్త గాలి వచ్చినా, చేరే నీళ్లు రోజుకు చుక్కలో సగం కూడా కావు. వరిపొలాల తేమ ఎంతున్నా నెలల తరబడి చేరేది కొన్ని మిల్లీలీటర్లే. అసలు దారి మూత. ట్యాంకు మూత చుట్టూ ఉన్న గాడిలో పడిన వాన నీరు పోవడానికి ఒక సన్న రంధ్రం ఉంటుంది. దుమ్ము పడి అది పూడుకుపోతే గాడి నిండి, పాత రబ్బరు సందులోంచి నీళ్లు నేరుగా ట్యాంకులోకి దిగుతాయి. ఒక్క జూలై వాన చాలు. కవరు కప్పేముందు ఆ రంధ్రంలో అగ్గిపుల్ల పెట్టి తుడవడం నేను అన్నిటికన్నా ముందు చెప్పే పని.

ఇప్పుడు లక్షణాలు చూద్దాం. కప్పు కింద డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. దాన్ని వదులు చేసి పాత పెట్రోలును గాజు సీసాలోకి పట్టండి. అడుగున నీటి గోళీలు దొర్లితే, లేదా రెండు పొరలుంటే, అది నీళ్ల రోగం. ట్యాంకు మొత్తం ఖాళీ చేయాలి, కార్బొరేటర్ మాత్రమే కడిగితే మళ్లీ మొదటికే వస్తుంది. పెట్రోలు తేటగా ఉండి ఘాటు మాత్రం తగ్గితే తేలిక భాగం పోయింది. దాన్ని వదిలేసి తాజా పెట్రోలు కప్పులోకి దించితే చాలాసార్లు బండి లేస్తుంది. ఏమీ ఇప్పనక్కర్లేదు. రంగు మారి, పుల్లని వార్నిష్ వాసన వేస్తే బంక. అప్పుడు బండి చోక్ వేస్తే లేచి, చోక్ తీయగానే ఆగిపోతుంటే స్లో జెట్. ఐడిలింగ్ నిలిచి, పూర్తిగా రేస్ ఇస్తే మూలిగితే మెయిన్ జెట్. కప్పు నుంచి పెట్రోలు పొంగి కిందకు కారుతుంటే నీడిల్ తెరిచిన స్థితిలో అంటుకుంది. డ్రెయిన్ స్క్రూ వదులు చేసినా చుక్క రాకపోతే నీడిల్ మూసిన స్థితిలో అంటుకుంది, లేదా ట్యాపు జాలీ పూడుకుంది. స్క్రూడ్రైవర్ పిడితో కప్పు మీద మెల్లగా తడితే అంటుకున్న నీడిల్ ఒక్కోసారి వదులుతుంది.

ఇప్పక తప్పనప్పుడు ముందుగా ఫోన్‌తో ఫొటో తీయండి. ఎయిర్ స్క్రూను మెల్లగా లోపలికి బిగిస్తూ ఎన్ని చుట్లు తిరిగిందో రాసుకుని, తర్వాతే బయటికి తీయండి. తిరిగి అన్నే చుట్లు వదలాలి. ఈ చిన్న కాగితం లేక ట్యూనింగ్ పోయిన బండ్లు లెక్కలేనన్ని. ఫ్లోట్, రబ్బర్లు విడిగా పెట్టండి. తాజా పెట్రోలుతో, కిరసనాయిలుతో కడిగితే దుమ్ము పోతుంది గానీ ఎండిన బంక కరగదు. పెట్రోలులో కరగకపోవడం వల్లే కదా అది అడుక్కి దిగింది! కార్బొరేటర్ క్లీనర్ గానీ, పెయింట్ షాపులో దొరికే మంచి థిన్నర్ గానీ కావాలి. ల్యాబులో బంకను కరిగించడానికి టోలుయీన్, అసిటోన్ కలిపి వాడతారు, థిన్నర్లలో ఉండేవీ ఆ కోవ ద్రవాలే. ఇత్తడి జెట్లను కొన్ని గంటలు నానబెట్టి, తర్వాత గాలి కొట్టాలి. థిన్నర్ రబ్బరుకు, ప్లాస్టిక్ ఫ్లోట్‌కు తగలకూడదు. పంక్చర్ షాపు గాలి పనికొస్తుంది, కాకపోతే ముందు కాసేపు ఉత్తగా వదిలి పైపులోని నీళ్లు పోనివ్వండి.

ఒక్క పని మాత్రం చేయనివ్వకండి. యాక్సిలరేటర్ కేబుల్ నుంచి తీసిన ఉక్కు పోచను జెట్‌లో దూర్చి గీకడం మన షెడ్లలో మామూలు. ఉక్కు ముందు ఇత్తడి మెత్తన. 0.35 రంధ్రం గీతలు పడి 0.40 అయితే వైశాల్యం 30 శాతం పెరుగుతుంది. బండి వెంటనే లేస్తుంది, అందరికీ సంతోషం. తర్వాత మైలేజీ పడిపోతుంది, ప్లగ్ నల్లబడుతుంది, తప్పు పెట్రోలు బంకు మీదకు పోతుంది. తప్పనిసరైతే కరెంటు వైరులోని ఒక్క రాగి పోచ వాడమనండి. నానబెట్టేంత ఓపిక లేకపోతే కొత్త జెట్ కొనడం మేలు.

బండిని నెల దాటి నిలపబోతుంటే ట్యాపు ఆఫ్ చేసి, ఇంజన్ దానంతటది ఆగేదాకా నడపండి, ఆపైన డ్రెయిన్ స్క్రూ తిప్పి కప్పులో మిగిలింది తీసేయండి. మూడు నాలుగు నెలలైతే ట్యాంకును తాజా పెట్రోలుతో నిండుగా ఉంచండి, ఖాళీ తక్కువైతే తుప్పూ తక్కువ. అంతకు మించితే ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, లోపల కొంచెం ఇంజన్ ఆయిల్ తిప్పి వదలండి. ఇంజెక్షన్ బండి ఉన్నవాళ్లు తమకిదేమీ పట్టదనుకోవద్దు. ఇంజెక్టర్ రంధ్రాలు ఇంకా సన్నం, పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది, ఖర్చు ఎక్కువ.

చివరగా, తీసిన పాత పెట్రోలు సంగతి. దాన్ని కాలువలో పోస్తే నేలలోకి ఇంకి బోరు నీళ్లదాకా పోతుంది. నీళ్లు లేని, రంగు మారనిదైతే తాజా పెట్రోలులో కొద్దికొద్దిగా కలిపి వాడుకోవచ్చు. చెడిపోయినదాన్ని వాడిన ఆయిల్ సేకరించే మెకానిక్‌కు ఇవ్వండి. ట్యాంకు నుంచి పైపుతో తీసేటప్పుడు నోటితో లాగకండి. చేతి పంపు వాడండి, లేదా కార్బొరేటర్ పైపు ఊడదీసి ట్యాపు ఆన్ చేయండి, తనే దిగుతుంది. గొంతులోకి వచ్చిన గుక్కెడు పెట్రోలు ఊపిరితిత్తుల్లోకి జారితే నిమోనియా తెస్తుంది. పట్టిన పెట్రోలును మంచినీళ్ల సీసాలో పోసి వసారాలో పెట్టకండి, ఎండాకాలం ఆ సీసాలు పిల్లల చేతికి తేలిగ్గా అందుతాయి. ఎవరైనా పొరపాటున తాగితే వాంతి చేయించకూడదు, వాంతిలోనే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఎక్కువ. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.